బెల్లం తినని మిద్దె

ఏప్రిల్ 9, 1952, బుధవారం

మనుషులతో మాట్లాడితే కొట్లాటవుతోంది. కాగితంతో మాట్లాడి చూద్దామని మొదలుపెట్టాను. గోడౌన్ గుమాస్తా ప్రహ్లాద్ సాబ్ అచ్చు చెడిపోయిన కాగితాలు ఒక కట్ట ఇచ్చాడు. ఒక పక్క అక్షరాలు మసకగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. రెండో పక్క తెల్లగా ఉంది. రాస్తున్నది ఆ పక్కనే.

ఈ రోజుకు గోడౌన్ మిద్దె మీది పాత గచ్చు పెళ్లగించడం అయిపోయింది. నాంపల్లి స్టేషన్ వెనక ఇంత పొడుగు మిద్దె ఇంకోటి లేదంటాడు మా మేనమామ మొగులయ్య. ఈ పిట్టగోడ నుంచి ఆ పిట్టగోడకు నా అడుగులతో డెబ్బై రెండు. నలభై ఏళ్లుగా ఆయన పని ఇదే. ఎండాకాలం వచ్చిందంటే గోడౌన్లు, ప్రయాణికులు దిగే సరాయిలు, టాకీసులు, పెద్ద పెద్ద కొట్ల మిద్దెలెక్కడం, పగుళ్లు వెతకడం, వానలకు ముందే బాగుచేసి దిగడం. అమ్మ పోయిన ఏడాది నన్నూ ఎక్కించాడు. ఇది నాలుగో ఎండాకాలం.

కింద పుస్తకాలున్నాయి. తెలుగు వాచకాలు. జూన్‌లో బడులు తెరిచేసరికి ఊళ్లకు పోవాలి. నాకు బడిలో చెప్పింది ఉర్దూ. తెలుగు నేను సుల్తాన్ బజార్ ఫుట్‌పాత్ మీద కరపత్రాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. అలాంటిది నా కాళ్ల కింద గది నిండా తెలుగు! మధ్యాహ్నం గచ్చు లేని మిద్దె మీద చెవి ఆనించి పడుకున్నాను. లోపల నుంచి చిన్న చప్పుడు, తేనెతుట్టెలో లాగా. పిల్లలు ఒక్కసారిగా చదువుతున్నట్టు. ఎలకలేమో. పిల్లలే అనుకున్నాను.

ఏప్రిల్ 12

మిద్దె మూల ఆరు గోలేలు, పెద్ద మట్టి తొట్లు, ఉన్నాయి. బెల్లం గడ్డలు, దంచిన కరక్కాయ నీళ్లలో వేసి నాలుగు రోజులు మగ్గనిస్తారు. ఆ నీళ్లు చల్లుతూ సున్నం గచ్చును ఆడవాళ్లు చేతిచెక్కలతో కొడతారు. మామ రోజూ పొద్దున గోలెంలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడతాడు. ఆయన 'ఔ' అంటేనే ఆ రోజు పని మొదలు.

మామ నోరు పూసింది. జర్దా, సున్నం కలిసి నాలుకంతా పుండ్లు. ఈ రోజు వేలు నాకి, మొహం చిట్లించి ఉమ్మేశాడు.

"అంతా సున్నమే తగుల్తున్నది రా. బెల్లమేదో బురదేదో తెలుస్తలేదు. ఇగ నువ్వు జూడు."

"నేనా?"

"ఇంకెవరున్నరు? ముందు ఒగరు రావాలె. మింగినంక తీపి రావాలె. ముందే తీపొచ్చినా తప్పే, అసలే రాకున్నా తప్పే. నీ నోటి మీద మిద్దె పెడుతున్న."

ఏప్రిల్ 13

ముందు ఒగరు, తర్వాత తీపి. 'ఔ' అన్నాను. పదకొండు మంది ఆడవాళ్లు ఒక్కసారి చెక్కలెత్తారు. రోజంతా గాలిలో నడిచాను.

ఏప్రిల్ 17

సుల్తాన్ బజార్‌లో సిమెంటు గురించి ఒక కరపత్రం దొరికింది. బొమ్మలు కూడా ఉన్నాయి. మూడుసార్లు చదివాను. సిమెంటులో చిటికెడు చక్కెర పడినా చాలు, అది గట్టిపడదట! ఇది పరీక్షలు చేసి తేల్చిన మాట. మరి మనం ఆరు గోలేల నిండా బెల్లం పోసి మిద్దెకు తాగిస్తున్నాం. ఎవరు చెప్పారు? తాత చెప్పాడు. తాతకు ఎవరు చెప్పారు? ఏ నవాబు కాలం నాటి మేస్త్రీయో చెప్పాడు.

మామకు చదివి వినిపించాను.

"గది సిమెంటు" అన్నాడు మామ. "ఇది సున్నం."

"రెండూ రాయిని కాల్చి చేసినయే గద మామా."

"నువ్వు, నేను కూడ ఇద్దరం మనుషులమే. నేను మేస్త్రీని, నువ్వు మొండోనివి."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. అందరికన్నా గట్టిగా పోశవ్వ. గుంపుకు పెద్ద ఆమే. పాట ఎత్తేదీ ఆమే. చేతిలో ఉన్న తట్ట విసిరికొట్టాను. అది పోయి పిట్టగోడకు తగిలి విరిగింది.

"అరెరె, తట్ట ఏం పాపం జేసింది కొడుకా?" అంది పోశవ్వ. "దానికి సదువు రాదాయె."

మళ్లీ నవ్వు. నాకు నవ్వు పడదు.

ఏప్రిల్ 20

మిద్దెలో తూర్పు సగం అయిపోయింది. అద్దంలా ఉంది. పొద్దున దాని మీద నిలబడితే స్టేషన్‌లో రైలు పొగ కాళ్ల కింద కదులుతున్నట్టు కనిపించింది.

మధ్యాహ్నం బెల్లం బస్తాల దగ్గర నర్మద బిడ్డను చూశాను. నర్మద పోశవ్వ కోడలు. ఆ పిల్లకు మూడేళ్లుంటాయి. ఖాళీ గోనెసంచిని నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, పీచు పీచుగా చీకుతోంది. పోశవ్వ చూసి సంచి లాగేసి వీపు మీద ఒక్కటిచ్చింది.

"పసిది, దాన్నెందుకు కొడతవ్!" అని అరిచాను.

"మేస్త్రీ జూస్తె మా అందరి పని పోతది. మిద్దె బెల్లం ముట్టొద్దని నీకు ఎర్క లేదా?"

ఎరుకే. ఒకప్పుడు ఒకామె కొంగులో గడ్డ దొరికిందని మామ ఆమెను మళ్లీ పనికి పిలవలేదు. ఆ పిల్ల ఏడుపు ఆపింది కాని నాలుక మాత్రం పెదాల మీద తిప్పుతూనే ఉంది. మిద్దెకు తీపి, మనిషికి గోనె. ఇది ఏ న్యాయం?

ఏప్రిల్ 22

చేశాను.

మామ అబిడ్స్‌లో టాకీసు రేకులు చూడటానికి పోయాడు. పడమటి సగానికి కొత్తగా గోలేలు నింపాలి. కరక్కాయ వేశాను. నీళ్లు నల్లగా తిరిగాయి. నురగ కూడా వచ్చింది. బెల్లం వేయలేదు. మూడు బుట్టల గడ్డలు ఆడవాళ్ల ముందు దించి, "మామ ఇమ్మన్నడు. పిల్లలకు తీస్కపోండ్రి" అన్నాను.

ఎవరూ ముట్టలేదు.

"నిజంగ మొగులన్ననే ఇమ్మన్నడా?" అంది పోశవ్వ.

"నేను అబద్ధమాడుతనా?"

నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత కొంగు పరిచింది. నర్మద ఒక గడ్డ కొరికి బిడ్డ నోట్లో పెట్టింది. ఆ పిల్ల నమలలేదు. బుగ్గలో పెట్టుకుని అట్లాగే నిలబడి ఆకాశం చూసింది.

అబద్ధం ఒక్కటే ఆడాను. అది మంచికే. మిద్దెకు కూడా మంచే. కరపత్రంలో బొమ్మతో సహా ఉంది.

ఏప్రిల్ 23

సబబే.

ఏప్రిల్ 26

పొద్దున గోలెంలో వేలు ముంచాను. మామ నా మొహమే చూస్తున్నాడు. ఒగరు. మింగాను. ఒగరే.

"ఔ" అన్నాను.

ఏప్రిల్ 29

ఈ రోజులు ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేకుండా ఉన్నాయి. తెల్లవారితే సున్నం, ఎండ, చెక్కల చప్పుడు. ఆడవాళ్లు వరసగా కూర్చుని కొడుతూ వెనక్కి జరుగుతుంటే మిద్దె ముందుకు పోతున్నట్టే ఉంటుంది, పడవలాగా. బషీర్‌బాగ్ మీద గద్దలు తిరుగుతుంటాయి. అవి ఒడ్డున ఉన్నట్టు, మేము పోతున్నట్టు. ఏ ఊరు దాటామో తెలియదు. సున్నం తెల్లదనానికి కళ్లు మూసుకున్నా తెల్లగానే ఉంటుంది.

పోశవ్వ కింద రోడ్డు మీద ఏది కనిపిస్తే దాన్ని పాటలో పెడుతుంది.

రైలుబండి పొగలొచ్చె, దంచవే చెల్లె!
తెల్లటోపి దొరవొచ్చె, దంచవే చెల్లె!

ఈ రోజు మామ పిట్టగోడ మీద కూర్చుని ఉండగానే ఎత్తుకుంది:

మొగులన్న మాటేమొ కాకరకాయ, దంచవే చెల్లె!
మొగులన్న మనసేమొ బెల్లంగడ్డ, దంచవే చెల్లె!

బెల్లం మాట ఎక్కడ బయటపడుతుందో అని తల వంచుకున్నాను. మామ నోట్లో బీడీ అట్లాగే ఉండిపోయింది.

"ఏంది పోశవ్వా, ఇయ్యాల నా మీద పడ్డవ్?"

"పడితె ఏమాయె? మంచోన్ని మంచోడన్న."

"ఇన్నేండ్లకు తెలిసిందా?" అన్నాడు మామ. కోపంగా అనాలని చూశాడు, చాతకాలేదు. దిగిపోయేటప్పుడు మెట్ల మీద ఆ వరసే కూనిరాగం తీస్తున్నాడు. మామ పాడగా నేను ఇంతకుముందు వినలేదు.

మే 2

పోశవ్వ చెక్క ఆపి గచ్చు మీద అరచెయ్యి పెట్టింది.

"ఇది మాట్లాడుతలేదు" అంది.

"ఏది?"

"సున్నం. ఇయ్యాలటికి చెక్క దుంకాలె. కొడితె మీదికి ఎగరాలె. కొట్టింది కొట్టినట్టే పండుకుంటున్నది."

"ఎండలు ఎక్కువున్నయి" అన్నాను.

"ఎండలు తూర్పుకు లేకుండెనా?" అంది నర్మద.

ఇంకో రెండు రోజులు కొడతామన్నారు. అడగకుండానే. చేతులు అప్పటికే పొక్కాయి.

మే 11

గచ్చు మీద తడి గడ్డి పరిచారు. పూటపూటకూ నీళ్లు చల్లుతున్నాను. ఇది మాగాలి. మేము రోజుకొక మిద్దె చూసి వస్తున్నాం. అబిడ్స్ టాకీసు రేకుల మీద పడుకుంటే కింద ఆట నడుస్తోంది. సంగీతం రేకులోంచి వీపులోకి వస్తుంది. బొమ్మ కనిపించదు. నేనే ఊహించుకున్నాను. నా బొమ్మలో ఎవరూ ఏడవలేదు.

మే 24, శనివారం

రాయాలి.

తూములకు గుడ్డలు, బంకమట్టి కుక్కి మిద్దె నిండా నీళ్లు కట్టాం. మడమ మునిగేంత లోతు. అట్లా ఒక రోజు ఉంచాలి. మిద్దె వేసిన మేస్త్రీ ఆ రోజంతా దాని కిందే పడుకోవాలని మామ గురువు పెట్టిన కట్టుబాటు. పుస్తకాల కట్టలన్నీ తూర్పు గోడకు సర్దించి, నడుమ చాప వేసుకుని మామ వెల్లకిలా పడుకున్నాడు. పక్కన నేను.

పైన చెరువు, కింద మేము. కిటికీల్లోంచి వచ్చే వెలుగు కూడా నీళ్లలోంచి వచ్చినట్టు పచ్చగా ఉంది. కొత్త కాగితం వాసన. మామ తన మొదటి మిద్దె కింద పడుకున్న కథ చెబుతున్నాడు, అప్పుడు ఆయనకు నా వయసేనట. వింటూ వింటూ నాకు కునుకు పట్టింది. పుస్తకాల్లోంచి అక్షరాలు లేచి చేపపిల్లల్లా పైకి ఈదుతున్నాయి. కప్పు దాటి నీళ్లలో కలుస్తున్నాయి. ఎంతో చల్లగా ఉంది. చల్లగా.

మామ చెయ్యి నా భుజం పట్టుకుంది. ఆయన చెంప మీద నీటిబొట్టు.

ఇంకోటి. ఇంకోటి. పడమటి కప్పు మీద తడి మచ్చలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ పాకుతున్నాయి. తూర్పు సగం తెల్లగా, పొడిగా ఉంది. ఎవరో గీత గీసినట్టు.

ప్రహ్లాద్ సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"మేస్త్రీజీ, గిదేంది? ఇరవై రోజుల్ల వానలు. గీ పుస్తకాలు నేను యాడ పెట్టాలె?"

మామ నలభై ఏళ్లలో ఈ మాట వినలేదు. తూములు తీయించి, పైకెక్కి, పోశవ్వను పిలిపించాడు. గచ్చు మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు.

"తూర్పు దిక్కు ఎట్ల కొట్టిన్రు, పడమర ఎట్ల కొట్టిన్రు?"

"ఒక్క తీర్గనె కొట్టినమన్నా. పడమర రెండు రోజులు ఎక్కువనె కొట్టినం."

"కొడితె నీళ్లెందుకు దిగినయ్? గోలేలు సక్కగున్నయి, సున్నం ఒక్క బట్టీదే. మారింది మీ చేతులే. సగమయినంక ఒళ్లు బరువైందా?"

"గట్లనకు. గా బెల్లం ఇచ్చిన నాడు నువ్వు మంచిగనె..."

"బెల్లమేంది గిల్లమేంది!" అని అరిచాను. నేనే. "పని చెడగొట్టి మాటలు మారుస్తున్నరా? చెక్క లేపెటందుకు బద్దకం, నోటికి మాత్రం బద్దకం లేదు!"

పోశవ్వ ఆగిపోయింది. మామను చూసింది. నన్ను చూసింది. ఆమె మొహంలో ఏదో ఒకటి మెల్లగా సర్దుకుంది. చెక్కలన్నీ ఏరి మూట కట్టుకుని మెట్లు దిగింది. ఆమె వెనక పది మంది. నర్మద బిడ్డ ఒక్కతే వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపింది.

మే 25

బట్టీలో రాయి సరిగా కాలి ఉండదు. పడమటి సగానికి వచ్చింది అడుగు సున్నమేమో. కారణం అదీ కావచ్చు. సిమెంటు గురించి అంత పరీక్ష చేసినవాళ్లు పొరపాటు పడతారా?

కరపత్రం మళ్లీ చదివాను. సున్నం అన్న మాట అందులో ఎక్కడా లేదు.

మే 26

చెప్పలేదు.

మే 27

ఈ రోజు కూడా.

పొద్దున అడ్డ మీదుగా పోయాను. నాంపల్లి రోడ్డులో పనివాళ్లు కూర్చునే చోటు. మేస్త్రీలు అక్కడికే వచ్చి మనుషులను పిలుచుకుపోతారు. పోశవ్వ గుంపు చెక్కలు ముందర పెట్టుకుని కూర్చుంది. నిన్న మామ ఇక్కడ నలుగురిలో అన్న మాట అప్పటికే పాకింది. ఒక మేస్త్రీ వచ్చాడు, వాళ్లను దాటి అవతలి గుంపును పిలిచాడు. ఇంకొకాయన వచ్చాడు, దాటాడు. ఎండ గోడ దిగి వాళ్ల కాళ్ల దాకా వచ్చింది. ఇంకా కూర్చునే ఉన్నారు.

నేను సైకిలు వెనక నిలబడి చూశాను. నా సైకిలు కాదు అది.

మే 28

నర్మద కుళాయి దగ్గర దొరికింది. నేనే పోయి మాట్లాడాను. ఎందుకు పోయానో తెలియదు.

"మీ అత్త మా మామకు ఎందుకు జెప్పలేదు?" అన్నాను.

బిందె కింద పెట్టింది.

"ఏమని జెప్పాలె? బెల్లం మేం తిన్నమనా? మా పోరగాండ్లు తిన్నరు, మేం తిన్నం. నువ్విచ్చినవంటె నమ్మెటోడెవడు? మేస్త్రీ అల్లునివి నువ్వు. దొంగలం మేమే అయితం. ఇప్పుడు చేతులు చెడ్డయన్న పేరే ఉన్నది. గప్పుడు చేతులు చెడ్డయి, నోరు గూడ చెడ్డదంటరు."

"నేను మీ మంచికే..."

"మమ్ముల అడిగినవా? బెల్లం గావాల్నా అని అడిగినవా, గది మిద్దెకు ఎయ్యాల్సిన బెల్లమని జెప్పినవా? చెప్తె మా అత్త ముట్టకపోతుండె. మాకు తెల్వకుండ మా చేత దొంగతనం జేపిచ్చినవ్."

బిందె ఎత్తుకుంది. నాలుగు అడుగులు పోయి ఆగింది.

"మా పిల్ల ఇంకా అడుగుతున్నది, బెల్లం మామ ఎప్పుడొస్తడని. ఏం జెప్పుమంటవ్?"

మే 29

మామ అన్నం ముందు కూర్చున్నప్పుడు చెప్పాను. గోలేలు, మూడు బుట్టలు, 'ఔ' అన్నది, అన్నీ.

కొట్టలేదు. ఎడం చేత్తో పళ్లెం పక్కకు జరిపాడు.

"పోరగాండ్లు తిన్నరా?"

"తిన్నరు."

"నన్నెందుకు అడగలేదు?"

"అడిగితె ఇస్తుంటివా?"

"ఇయ్యకపోతుంటి" అన్నాడు. "అయినా అడగాలె. నువ్వడిగితె నేను తిడుదును, నువ్వు కొట్లాడుదువు. మిద్దె నిలుస్తుండె."

నేను ఆయన పళ్లెం మీద మూత పెట్టాను.

"నేను పోశవ్వను అడ్డ మీద అన్న" అన్నాడు మామ. "నలుగురు మేస్త్రీలు ఇన్నరు. ఆ నలుగురు మల్ల అడ్డ మీదనే ఇనాలె. చెడగొట్టింది నువ్వు. నువ్వే జెప్పు."

తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పాట విని ఆయన ఎట్లా మురిసిపోయాడో నాకు అదే కళ్లముందు ఆడింది. ఆ మంచితనం ఆయనది కాదు, నాదీ కాదు.

మే 30

అడ్డ నిండా జనం. మామ నన్ను నడుమ నిలబెట్టి పక్కకు తప్పుకున్నాడు. పోశవ్వ గుంపు గోడ నీడలో ఉంది. ఇట్లా మాట్లాడాలి, అట్లా మాట్లాడాలి అని దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ లేవు.

"గోడౌన్ మిద్దె కురిసింది నా వల్ల" అన్నాను. "ఒక కరపత్రం జూసి పడమటి గోలేలల్ల నేను బెల్లం ఎయ్యలేదు. ఆ బెల్లం పోశవ్వోల్లకు ఇచ్చిన. మామ ఇమ్మన్నడని అబద్ధం జెప్పి ఇచ్చిన. వాళ్లకు తెల్వదు. వాళ్ల చేతులల్ల తప్పు లేదు."

నవ్వులు లేచాయి.

"బెల్లం లేకుండ గచ్చా? నీ ఇంట్ల పాయసం గూడ గట్లనే వండుతరా పిలగా?"

"మొగులయ్యా, నీ అల్లుడు మిద్దెకు ఉపాసం పెట్టిండు రా!"

"సదువుకున్నడు మల్ల. కాగితాలు జూసి జేసిండట."

చేతులు పిడికిళ్లయ్యాయి. ఇంతకుముందైతే మీద పడేవాణ్ణి. పోశవ్వ నన్నే చూస్తోంది. పిడికిళ్లు విప్పి నిలబడ్డాను. నవ్వు దానంతట అది అయిపోయేదాకా నిలబడ్డాను.

కాచిగూడ మేస్త్రీ వెంకటేశం పోశవ్వ దగ్గరికి పోయాడు. "రేపటి నుంచి లాడ్జి మిద్దె ఉన్నది. వస్తవా అక్కా?"

"వస్తం. పది రోజులాగు" అంది పోశవ్వ. మామ వైపు తిరగకుండానే మామతో మాట్లాడింది. "పడమటి సగం మా చేతులతోటి చెడ్డదని పేరొచ్చింది. మా చేతులతోటే బాగు జేస్తం. గంతె. మల్ల మమ్ముల పిలువకు."

"సరే" అన్నాడు మామ.

"గీ పిలగాడు గూడ వరుసల కూసోవాలె" అంది నర్మద. "సున్నం మాట్లాడుతదో లేదో వానికి గూడ తెల్వాలె."

మళ్లీ నవ్వు. మగవాడు కొట్టే వరసలో కూర్చోవడం ఎవరూ చూడలేదు.

జూన్ 6

చేతులు విప్పలేకపోతున్నాను. పెన్సిలు గుడ్డతో వేళ్లకు కట్టుకుని రాస్తున్నాను. నాలుగు రోజులు పడమటి సగంలో చెడిన గచ్చు పెరికాం. ఆలోగా కొత్త గోలేలు మగ్గాయి. కలిపింది, రుచి చూసింది పోశవ్వ.

నా స్థలం వరస చివర. ఎడమ పక్క నర్మద. పాట ఒక చరణం ఎక్కి దిగేలోపు ఎనిమిది దెబ్బలు. ఏడు కొడితే వరస విరుగుతుంది, అందరూ ఆగి నన్ను చూస్తారు. పగలంతా దెబ్బలు లెక్కపెట్టి పెట్టి ఇప్పుడు నా నాడి కూడా ఎనిమిదిగా కొట్టుకుంటోంది. పాదం నుంచి నడినెత్తి దాకా తెల్లగా ఉన్నాను. నిన్న మధ్యాహ్నం ఎక్కడ నా చెయ్యి అయిపోయి నర్మద చెయ్యి మొదలవుతోందో తెలియలేదు. పన్నెండు మందికి ఒక్కటే చెయ్యి. అది లేస్తోంది, పడుతోంది. ఎవరి మీదా కోపం లేదు. రాయడానికి కూడా సిగ్గుగా ఉంది, హాయిగా ఉంది.

జూన్ 8

చెక్క దుంకింది! గచ్చు మీద పడి, నేను లేపకుండానే లేచింది. మణికట్టు దాకా జల్లుమంది. పోశవ్వ వైపు చూశాను. ఆమె తల తిప్పలేదు.

జూన్ 10

నీళ్లు కట్టాం. మాగేదాకా ఆగితే వానలొస్తాయని నిన్ననే కట్టేశాం. మామ, నేను కింద పడుకున్నాం. ఈసారి కథలు లేవు. కునుకు లేదు. తెల్లటి కప్పు చూస్తూ ఒక పగలు, ఒక రాత్రి. ఏమీ పడలేదు.

తూములు తీస్తే నీళ్లు రోడ్డు మీద దుమికాయి. ఒక టాంగావాలా మమ్మల్ని తిట్టాడు. ఎంత బాగుందో ఆ తిట్టు.

పోశవ్వ గుంపు చెక్కలు మూట కట్టుకుంది. నేను ఏదో అనాలని మెట్ల దాకా పోయాను. "ఆ గుడ్డ ఇప్పి చేతులకు నూనె పెట్టుకో" అంది పోశవ్వ. దిగిపోయారు. కాచిగూడ వైపు.

జూన్ 13

వాన. రెండు గంటలు ఏకధాటి. ప్రహ్లాద్ సాబ్ గోడౌన్ నడుమ కుర్చీ వేసుకుని చాయ్ తాగాడు. పై నుంచి చుక్క పడలేదు. వాచకాల కట్టలు పొద్దున బండ్లెక్కాయి. ఏ ఊళ్లకో అడిగితే జాబితా చదివాడు. అందులో నేను ఉర్దూలో చదువుకున్న మా ఊరు కూడా ఉంది.

జూన్ 19

సరాయి వాళ్లు మామను పిలిచారు. వానల నడుమ తెరిపి దొరికితే ఒక పక్క మిద్దె బాగుచేయాలట. మామ వేరే గుంపులు రెండు చూశాడు, వద్దనుకున్నాడు.

పొద్దున ఉతికిన ధోవతి కట్టుకుని అడ్డకు బయల్దేరాడు. వెనక నేను. పోశవ్వ చుట్టూ అప్పటికే ఇద్దరు మేస్త్రీలున్నారు. ఈ సంగతి నాంపల్లి అంతా తెలిసిపోయింది. చెక్క దుంకలేదని నోటితో చెప్పిన గుంపు వాళ్లేనని, చెప్పినా నేనే వినలేదని. మామ ఎప్పుడైనా అడ్డకు పోతే దూరం నుంచే చెయ్యి ఊపేవాడు, వాళ్లే లేచి వచ్చేవారు. ఈ రోజు మూడో మనిషిగా నిలబడ్డాడు. ముందరి ఇద్దరి మాట అయ్యేదాకా బీడీ కూడా తీయలేదు.

"పోశవ్వా, సరాయి మిద్దె. అరవై అడుగులు. వస్తవా?"

ఆమె చెక్కలు ఒక్కొక్కటి ఎత్తి అంచులు చూసుకుంటోంది.

"మా ఆడోల్లను అడగాలె" అంది. "ఆగు."

లేచి గోడ నీడలోకి పోయింది. పదకొండు తలలు దగ్గరికి చేరాయి. ఏం మాట్లాడుతున్నారో వినపడదు. ఒకసారి నర్మద నా వైపు చూసి ఏదో అంది, అందరూ నవ్వారు. మళ్లీ తలలు వంగాయి.

మామ ఎండలో నిలబడ్డాడు. నేను పోయి ఆయన పక్కన నిలబడ్డాను.